చిన్న లోపం వస్తే పైలట్ చూపు ఎటు పోతుంది? తుంగతుర్తి, నల్లమల ప్రమాదాల మీద చర్చ

హాలియా సైన్స్ సార్ · ఆదివారం ఉదయం 9:10

అందరికీ నమస్కారం. హాలియా దగ్గర హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. 2022 ఫిబ్రవరి 26న మా పక్కనే పెద్దవూర మండలం తుంగతుర్తి పొలాల్లో శిక్షణ విమానం కూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. సాగర్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి ఎగిరిన సెస్నా 152 అది. ఒంటరిగా నడుపుతున్న ట్రైనీ పైలట్ అమ్మాయి ప్రాణం పోయింది. పొలం పనుల్లో ఉన్న రైతులే ముందుగా అక్కడికి పరుగెత్తారు.

ఆ ఘటన మీద ఊహాగానాలు చేయడానికి ఈ చర్చ పెట్టలేదు. దయచేసి ఎవరూ ఆ దారి పట్టకండి, ఆ అమ్మాయి ఇంట్లోవాళ్లు కూడా ఎప్పుడైనా ఇవి చదవొచ్చు. నా సందేహం వేరు. విమాన ప్రమాదాల గురించి చదివినకొద్దీ ఒకే మాట కనబడుతోంది: లోపం చిన్నది, విమానం ఎగిరే స్థితిలోనే ఉంది, అయినా నేలకు తగిలింది. అదెట్లా సాధ్యం? ఇక మా పిల్లలకైతే ఇంకో ప్రశ్న ఉంది, ఇంజిన్ ఆగితే చిన్న విమానం రాయిలా పడిపోతుందా అని. రెండిటికీ తెలిసినవాళ్లు జవాబు చెప్పండి.

జడ్చర్ల రిటైర్డ్ ఫిట్టర్ · 9:48

సార్, నేను ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. ముందు పిల్లల ప్రశ్న. రాయిలా పడదు. సెస్నా 152కి ఇంజిన్ ఆగినా, ముక్కు కొంచెం దించి 60 నాట్ల వేగం, అంటే గంటకు సుమారు 110 కిలోమీటర్లు, పట్టుకుంటే చాలు. గాలి లేని రోజున వెయ్యి అడుగుల నుంచి రెండున్నర కిలోమీటర్ల దాకా జారుకుంటూ వెళ్తుంది. అంటే పైలట్ చేతిలో నిమిషం, నిమిషంన్నర ఉంటుంది. ఆ సమయంలో దిగడానికి చోటు చూసుకోవాలి.

మీ సాగర్ ఎడమ కాలువ కింద అది అంత తేలిక కాదు. పైనుంచి వరిపొలం పచ్చగా, చదునుగా కనబడుతుంది, కానీ నీళ్లున్న మడిలో ముందు చక్రం దిగబడితే విమానం పల్టీ కొడుతుంది. మా పాలమూరు వైపు చెల్కలు గట్టిగానే ఉంటాయి, అక్కడ బండరాళ్లూ గుట్టలూ అడ్డం.

ఇక అసలు సంగతి. వేగం 60 నుంచి పడిపోతూ 40కి దగ్గరైతే రెక్కల మీద గాలి విడిపోయి, విమానాన్ని మోసే బలం పోతుంది. దాన్నే స్టాల్ అంటారు. తక్కువ ఎత్తులో స్టాల్ అయితే సర్దుకోవడానికి చోటు ఉండదు. అందుకే లోపం ఏదైనా పైలట్ కన్ను వేగం ముల్లు మీదా, బయట దిగ్మండలం మీదా ఉండాలి. కన్ను లోపం మీదికి పోయిందంటే ఆ కాసేపు విమానాన్ని నడిపేవాళ్లు ఎవరూ లేనట్టే.

ఎడమకాలువ అమ్మాయి · 10:30

అంకుల్ చెప్పింది అక్షరాలా నిజం. మాది మిర్యాలగూడ. వేరే రాష్ట్రంలో పైలట్ ట్రైనింగ్‌లో ఉన్నాను, సెలవులకు ఇంటికొచ్చాను.

మాకు మొదట్లోనే చెప్పే ఉదాహరణ తలుపు. సెస్నా తలుపు గడియ సరిగ్గా పడకపోతే టేకాఫ్ అవుతుండగా ఫట్‌మని తెరుచుకుంటుంది. ఎంత చప్పుడో చెప్పలేను. గాలి హోరు, మ్యాప్ కాగితాలు ఎగరడం, హెడ్‌సెట్‌లో ఏమీ వినబడకపోవడం. మనసుకి అది పెద్ద గండంలా తోస్తుంది. నిజానికి బయటి గాలి ఒత్తిడికి తలుపు కొన్ని అంగుళాలకు మించి తెరుచుకోదు, విమానం మామూలుగానే ఎగురుతుంది. చేయాల్సిందల్లా రన్‌వే చుట్టూ ఒక రౌండు కొట్టి దిగి, నేల మీద తలుపు వేసుకోవడమే.

కానీ చెయ్యి ఆగదు. ఒక చేత్తో తలుపు లాగుతూ ఒళ్లంతా పక్కకు వంగితే, రెండో చేతిలోని కంట్రోల్ కూడా తెలియకుండానే వెనక్కి వస్తుంది. ముక్కు లేస్తుంది, వేగం పడిపోతుంది. కొన్ని వందల అడుగుల ఎత్తులో ఇట్లా జరిగి ప్రాణాలు పోయిన ప్రమాదాలు ప్రపంచంలో ఉన్నాయి. మా ఇన్‌స్ట్రక్టర్ ఎత్తుకు వెళ్లాక కావాలనే తలుపు తెరిచి, "దాన్ని చూడకు, ముక్కు చూడు" అంటారు. మొదటిసారి గుండె ఎంత కొట్టుకుంటుందో.

కొల్లాపూర్ శ్రీను · 11:05

ఇవన్నీ కుర్రాళ్ల చిన్న విమానాల్లోనే కదా. అనుభవం ఉన్న పైలట్లు ఇట్లా చేస్తారా?

జడ్చర్ల రిటైర్డ్ ఫిట్టర్ · 11:40

చేశారు తమ్ముడూ. అనుభవం ఎంత ఉన్నా ఇది వదలదు. మాకు క్లాసుల్లో చెప్పిన కేసు ఒకటి ఉంది, ఇప్పటికీ ప్రపంచమంతా అదే చెప్తారు.

1972 డిసెంబర్ 29, రాత్రి. ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401. న్యూయార్క్ నుంచి మయామీకి వచ్చిన ట్రైస్టార్, అప్పటికి సరికొత్త జెట్. దిగేముందు చక్రాలు దించితే మూడు పచ్చ లైట్లు వెలగాలి. ముందు చక్రం లైటు వెలగలేదు. కెప్టెన్ ల్యాండింగ్ ఆపి, 2,000 అడుగులకు ఎక్కి, ఆటోపైలట్ పెట్టించాడు. ఇంతవరకూ అంతా సరిగ్గానే ఉంది. ఆ తర్వాత కో-పైలట్ లైటు బిగింపు ఊడదీశాడు, తిరిగి పెడితే అది అడ్డంగా ఇరుక్కుపోయింది. ఫ్లైట్ ఇంజినీర్‌ని కింద అరలోకి దిగి చక్రం కంటితో చూడమని పంపారు. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లందరి ధ్యాసా ఆ లైటు మీదే.

ఆ గొడవలో ఎవరిదో ఒళ్లు కంట్రోల్ స్తంభానికి ఆని, ఆటోపైలట్ ఎత్తును పట్టుకోవడం మానేసిందని దర్యాప్తు తేల్చింది. విమానం చాలా మెల్లగా దిగడం మొదలుపెట్టింది. కడుపులో తెలిసేంత కుదుపు లేదు. బయట ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేల, చిమ్మచీకటి, ఒక్క దీపం లేదు. ఎత్తు 250 అడుగులు తగ్గగానే హెచ్చరిక గంట మోగింది. వాయిస్ రికార్డర్‌లో ఆ శబ్దం స్పష్టంగా ఉంది, దానికి స్పందించిన గొంతు మాత్రం లేదు. చివరి క్షణాల్లో కో-పైలట్ ఎత్తు చూసి ఏదో తేడాగా ఉందన్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

176 మందిలో 101 మంది చనిపోయారు. ముందు చక్రం దిగే ఉంది, లాక్ కూడా అయ్యింది. పోయింది బల్బు.

ఇంజిన్ ఆగితే అందరూ ఉలిక్కిపడి విమానం మీద దృష్టి పెడతారు. బల్బు పోతే "ఇంతే కదా, చూసేద్దాం" అని దాని మీద పడతారు. అందుకే నన్నడిగితే చిన్న లోపమే ఎక్కువ ప్రమాదం.

అచ్చంపేట నివాసి · మధ్యాహ్నం 12:20

ఈ మాట చదివి 2009 సెప్టెంబర్ 2 గుర్తొచ్చింది. ఆ రోజు నల్లమల అంతా మబ్బు కమ్మేసింది. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారి హెలికాప్టర్ జాడ లేదని టీవీలో చెప్తుంటే ఊరంతా రోడ్డు మీదే ఉంది. మర్నాడు పొద్దున పావురాలగుట్ట దగ్గర దొరికిందన్నారు. మా దగ్గర ఇప్పటికీ కొందరు అది కుట్రే అంటారు. దర్యాప్తులో నిజంగా ఏం తేలిందో ఎవరికైనా తెలుసా? రాజకీయం వద్దు, సాంకేతికంగా చెప్పండి.

జడ్చర్ల రిటైర్డ్ ఫిట్టర్ · 1:15

చెప్తాను అన్నా. ఈ చర్చకి దానికంటే దగ్గరి కేసు మన దేశంలో ఇంకోటి ఉండదేమో.

అది బెల్ 430, రెండు ఇంజిన్ల హెలికాప్టర్. బేగంపేటలో ఉదయం 8:38కి లేచి చిత్తూరు జిల్లాకు బయలుదేరింది. ఇద్దరు పైలట్లు, ముఖ్యమంత్రి, ఆయన కార్యదర్శి, భద్రతాధికారి, మొత్తం ఐదుగురు. దారి మన దక్షిణ తెలంగాణ మీదుగా, కృష్ణ దాటి నల్లమల వైపు.

కృష్ణ దగ్గరికి వచ్చే వేళకి ట్రాన్స్‌మిషన్ ఆయిల్ వ్యవస్థలో సమస్య ఉన్నట్టు హెచ్చరిక కనబడింది. ఇంజిన్ల శక్తిని పైనున్న పెద్ద ఫ్యాన్‌కి అందించే గేర్‌బాక్స్ అది. హెలికాప్టర్ నడిపేవాడికి ఆ హెచ్చరికంటే టెన్షన్ పెట్టేది తక్కువ. ఎమర్జెన్సీ చెక్‌లిస్టు తీసి ఏం చేయాలో వెతకడంలో పడ్డారు. దర్యాప్తు కమిటీ లెక్కన ఆరు నిమిషాలకు పైగా వాళ్ల ధ్యాస దాని మీదే ఉంది. ఆ ఆరు నిమిషాల్లో హెలికాప్టర్ దారి నుంచి కొంచెం ఎడమకు జరిగింది, ఎదురుగా ఉన్న క్యుములోనింబస్, అంటే ఉరుములు మెరుపుల మబ్బులోకి, కుండపోత వానలోకి వెళ్లింది. ఆ మబ్బులో కిందికి తోసే గాలి ఎంత బలంగా ఉంటుందంటే, దాంట్లో చిక్కిన హెలికాప్టర్ అదుపులో ఉండదు. చివర్లో కో-పైలట్ "గో అరౌండ్", అంటే మళ్లీ పైకి ఎక్కించు, అని అరిచినట్టు రికార్డర్‌లో ఉంది. సుమారు 9:27కి గుట్టని ఢీకొట్టింది.

ఆయిల్ సమస్య వల్ల అది కూలలేదు. కూల్చింది మబ్బు. ఆ మబ్బుని చూడాల్సిన కళ్లు చెక్‌లిస్టు పేజీల్లో ఉన్నాయి. కుట్ర జరిగిందనడానికి దర్యాప్తులో ఆధారం దొరకలేదు.

అచ్చంపేట నివాసి · 1:32

ఇన్నేళ్లలో ఇంత విడమర్చి ఎవరూ చెప్పలేదన్నా. ఆరు నిమిషాలంటే మాకు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర టీ తాగే టైం.

దేవరకొండ డిపో · 2:05

నమస్తే. ఆర్టీసీ డ్రైవర్‌ని. శ్రీశైలం ఘాట్‌లో మాకూ ఇట్లాంటిది తగుల్తుంది. ఈగలపెంట దిగుతుంటే బ్రేకుల ఎయిర్ ప్రెషర్ ముల్లు ఊగినట్టు అనిపిస్తే చాలు, కన్ను దాని మీదికే పోతుంది. మలుపులో అర సెకను చూపు తప్పినా లోయ. కానీ నేను పక్కన ఆపి, చక్రాలకు రాళ్లు పెట్టి, బానెట్ ఎత్తి చూడగలను. వాళ్లకి ఆపే వీలు లేదు కదా, పాపం. చూసుకుంటూనే నడపాలి, నడుపుతూనే చూసుకోవాలి.

కొల్లాపూర్ శ్రీను · 2:40

అందరూ పాపం అంటున్నారు. నా అభిప్రాయం వేరు. ఇద్దరు పైలట్లుండి, ఇంత జీతం తీసుకుని, ఎదురుగా ఉన్న మబ్బుని చూడకపోవడం తప్పు కాదా? తప్పుని తప్పనకపోతే మళ్లీ ఎవరో ఇదే చేస్తారు.

ఎడమకాలువ అమ్మాయి · 3:25

శ్రీను అన్నా, మీ కోపం అర్థమైంది. కానీ "తప్పు ఫలానావాళ్లది" అని రాసి ఫైలు మూసేస్తే తర్వాతి పైలట్‌కి దాని నుంచి అందేది ఏమీ ఉండదు. అందుకే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లోని అనుబంధం 13లోనే ఉంది: ప్రమాద దర్యాప్తు లక్ష్యం మళ్లీ జరక్కుండా చూడడమే, నింద వేయడం కాదు. మన దేశంలో ఆ పనికి 2012లో ప్రత్యేకంగా విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఏర్పడింది. కోర్టులో శిక్ష పడాల్సిన నేరం ఉంటే అది వేరే దారి.

ఆ పద్ధతి వల్ల ఏం మారిందో చూడండి. 1978 డిసెంబర్ 28న అమెరికాలో పోర్ట్‌లాండ్ దగ్గర యునైటెడ్ 173కి కూడా చక్రాల దగ్గరే సమస్య వచ్చింది. కెప్టెన్ దాని గురించే ఆలోచిస్తూ దాదాపు గంటసేపు గాల్లో తిప్పాడు. ఇంధనం తగ్గుతోందని పక్కవాళ్లు చెప్తూనే ఉన్నారు, గట్టిగా చెప్పలేకపోయారు. ట్యాంకులు ఖాళీ అయ్యి, ఊరి శివార్లలో కూలింది. 189 మందిలో 10 మంది పోయారు. మరుసటి ఏడాది నాసా దీని మీదే నిపుణుల్ని కూర్చోబెట్టింది. సిబ్బంది పని ఎట్లా పంచుకోవాలి, కెప్టెన్‌కి కిందివాళ్లు ఎట్లా చెప్పాలి అనే శిక్షణ అక్కడ మొదలైంది. ఇప్పుడు ఎయిర్‌లైన్స్ పైలట్లందరికీ అది తప్పనిసరి. లోపం రాగానే మొదటి మాట "నువ్వు నడుపు, నేను చూస్తా". నడిపేవాళ్లు చెక్‌లిస్టు ముట్టుకోరు.

నిందతోనే ఆగిపోయి ఉంటే ఈ శిక్షణ పుట్టేది కాదన్నా.

కొల్లాపూర్ శ్రీను · 3:50

కిందివాళ్లు గట్టిగా చెప్పలేకపోవడం అన్నావు చూడు చెల్లె, అది మాత్రం మన ఆఫీసుల్లో రోజూ చూసేదే. పెద్దసారు పొరపాటు చేస్తున్నా నోరు లేవదు. ఈ విషయంలో ఒప్పుకుంటాను. కానీ జవాబుదారీ ఉండాలనే మాట మీదే ఉన్నాను.

హాలియా సైన్స్ సార్ · 4:15

మంచి చర్చ నడుస్తోంది. అమ్మా, ఇద్దరుంటే పని పంచుకుంటారు, బాగుంది. మరి ఒక్కరే ఉంటే? సోలోలో ఉన్న ట్రైనీకి పక్కన ఎవరూ ఉండరు కదా.

ఎడమకాలువ అమ్మాయి · 5:00

అదే కష్టం సార్. అందుకే మాకు వరస ఒకటి ఒంటికి పట్టేదాకా చెప్తారు: ముందు విమానాన్ని నడుపు, తర్వాత ఎటు పోతున్నావో చూసుకో, ఆ తర్వాతే రేడియోలో మాట్లాడు. ఎయిర్‌పోర్ట్ కంట్రోల్ టవర్ వాళ్లు అడిగినా సరే, చేతిలో పని ఉంటే "స్టాండ్‌బై", అంటే కాసేపు ఆగండి, అని ఊరుకోవచ్చు. జవాబు ఆలస్యమైందని ఎవరూ కోప్పడరు.

ఒంటరి పైలట్‌కి అన్నిటికంటే కష్టమైనది మబ్బులో పరికరం మెల్లగా చెడిపోవడం. విమానం వంగిందా, నిటారుగా ఉందా చూపించే పరికరం చాలా చిన్న విమానాల్లో గాలిని లాగే వాక్యూమ్ పంపుతో బొంగరంలా తిరిగే గైరో మీద నడుస్తుంది. పంపు పోతే గైరో ఒక్కసారిగా ఆగదు, నెమ్మదిస్తూ మెల్లమెల్లగా వాలిపోతుంది. ముల్లు అబద్ధం చెప్తుంటే దాన్ని నమ్మి పైలట్ విమానాన్నే వంచేస్తాడు.

2000 అక్టోబర్ 16న అమెరికాలో మిస్సోరీ గవర్నర్ మెల్ కార్నహాన్ ప్రయాణిస్తున్న సెస్నా 335 కూలింది. రాత్రి, వాన. నడుపుతున్నది ఆయన కొడుకే. ఎడమవైపు, అంటే పైలట్ ముందున్న ఆ పరికరం పనిచేయలేదు. కుడివైపు సీటు ముందున్నదాన్ని తల తిప్పి చూస్తూ నడపాల్సి వచ్చింది. చీకట్లో విమానం తిరుగుతుండగా తల అటూ ఇటూ తిప్పితే చెవిలోపలి ద్రవం కదిలి, ఏది పైనో ఏది కిందో తెలియకుండా పోతుంది. దిశాభ్రమ వల్ల అదుపు తప్పిందనే దర్యాప్తు తేల్చింది. పరికరం చెడిపోవడం, వాతావరణం దానికి తోడయ్యాయి. ముగ్గురూ చనిపోయారు.

అందుకే మాకు చెడిపోయిన పరికరాన్ని చూడటమే మానిపిస్తారు. చిన్న కాగితం ముక్కో, రబ్బరు మూతో తెచ్చి దాని మీద అంటించేస్తారు. అబద్ధం చెప్పే ముల్లు కళ్ల ముందు ఉన్నంతసేపూ చూపు దాని మీదికే పోతుంది. మూసేస్తే మిగతావాటితో నడపడం తేలికవుతుంది. ఇది చేసి చూస్తే ఎంత తేడానో మాటల్లో చెప్పలేను.

సాగర్ లైన్ల ఏఈ · 6:10

కరెంటు శాఖ మనిషిగా ఒక మాట చేరుస్తాను. సాగర్ చుట్టుపక్కల గాల్లో అడ్డంకులు ఎక్కువ. ప్రధాన జలవిద్యుత్ కేంద్రమే 815.6 మెగావాట్లది. అక్కడి నుంచి హైటెన్షన్ లైన్లు పొలాలూ గుట్టలూ దాటుకుంటూ నాలుగు దిక్కులా పోతాయి. కింద నిలబడి చూస్తే ఆకాశం వెలుతురులో తీగ నల్లగా కనబడుతుంది. పైనుంచి చూస్తే నేల రంగులో కలిసిపోయి అసలు కనబడదు. అందుకే తీగ కోసం కాకుండా టవర్ కోసం చూడమని తక్కువ ఎత్తులో ఎగిరేవాళ్లకు చెప్తారట. నిజమేనా?

జడ్చర్ల రిటైర్డ్ ఫిట్టర్ · 6:45

నిజమే సార్. టవర్ కనబడిందంటే దాని నుంచి ఇంకో టవర్‌కి తీగ ఉందనుకోవాలి. దాటాల్సి వస్తే టవర్ మీదుగానే దాటాలి, తీగ దానికంటే పైన ఉండదు కాబట్టి. కానీ చూపు లోపల మీటర్ల మీద ఉంటే టవర్ కూడా కనబడదు. ఇందాకటి మాటే మళ్లీ.

దేవరకొండ డిపో · రాత్రి 8:20

ఒక సందేహం చెల్లె. బస్సులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ పోతే కాసేపటికి బ్యాటరీ పడుకుంటుంది, లైట్లు పోతాయి. విమానంలో పోతే ఇంజిన్ ఆగుతుందా? అది పోయిందని చెప్పే ఎర్ర లైటు వెలిగితే మీరు ఏం చేస్తారు?

ఎడమకాలువ అమ్మాయి · 8:55

ఆగదన్నా. సెస్నా 152 ఇంజిన్‌కి రెండు మాగ్నెటోలు ఉంటాయి. ఇంజిన్ తిరుగుడుతోనే నిప్పురవ్వ పుట్టిస్తాయి, బ్యాటరీతో సంబంధం లేదు. ఆ లైటు వెలగ్గానే నేను ముందు వేగం, ఎత్తు చూసుకుంటా. విమానం నిలకడగా ఉందనుకున్నాక ఆల్టర్నేటర్ స్విచ్ ఒకసారి ఆపి మళ్లీ వేస్తా. లైటు పోకపోతే అవసరం లేని కరెంటు పరికరాలన్నీ ఆపేసి, దగ్గరున్న రన్‌వేకి మళ్లుతా. బ్యాటరీ అరగంట అటూ ఇటూ రావొచ్చు కాబట్టి రేడియో పనిచేస్తుండగానే కంట్రోల్ టవర్‌కి చెప్పేస్తా.

రేడియో కూడా పోతే ట్రాన్స్‌పాండర్‌లో, అంటే రాడార్‌కి మన అంకె పంపే పరికరంలో, 7600 పెడతాం, అది నడిచినంతసేపు. అది రేడియో పోయిందని చెప్పే అంకె. తర్వాత టవర్ నుంచి వచ్చే లైటు కోసం చూడాలి. ఆగకుండా పచ్చ లైటు అంటే దిగొచ్చు. ఆగకుండా ఎర్ర లైటు అంటే వేరే విమానానికి దారి ఇచ్చి ఇంకో రౌండు కొట్టాలి.

ఇంకొకటి, 152లో ఫ్లాప్స్, అంటే తక్కువ వేగంతో దిగడానికి రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు, కరెంటుతోనే దిగుతాయి. బ్యాటరీ పూర్తిగా పోతే అవి రావు, కాబట్టి కొంచెం ఎక్కువ వేగంతో వచ్చి ఎక్కువ రన్‌వే వాడుకుని దిగాలి. ఫ్లాప్స్ లేకుండా ల్యాండింగ్ సోలోకి పంపేముందే నేర్పిస్తారు. రేపు సెలవులయ్యి వెళ్లాక నా మొదటి క్లాసు అదే.